పనిషర్: బోర్న్ చదివాక నిద్ర పట్టలేదు, ఇది చదివినోళ్ళు ఎవరైనా ఉన్నారా?

పుర్రె_చొక్కా:
అందరికీ నమస్తే. మార్వెల్ కామిక్స్‌లోని పనిషర్‌ని నేను మొదట సీరియల్‌లోనే చూశాను, జాన్ బెర్న్‌థాల్ చేసింది, అప్పట్నుంచి పిచ్చి, పుర్రె బొమ్మ టీషర్టు కూడా కొన్నాను, ఇక్కడ నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. కథ ఏంటంటే భార్యనీ పిల్లల్నీ పార్కులో మాఫియా వాళ్ళు చంపేశారు, ఆ కోపంతో ఇతను నేరస్తుల్ని ఏరేస్తున్నాడు, ఇంతే అనుకున్నా. మొన్న ఒక ఫ్రెండ్ బోర్న్ అని 2003లో వచ్చిన నాలుగు సంచికల కామిక్ పుస్తకం ఇచ్చాడు. గార్త్ ఎన్నిస్ రాశాడు, డారిక్ రాబర్ట్‌సన్ బొమ్మలు వేశాడు. ఒక్క బిగిన చదివేశాను కానీ తర్వాత నిద్ర పట్టలేదు.

1971 అక్టోబర్, కంబోడియా సరిహద్దు దగ్గర వ్యాలీ ఫోర్జ్ అనే ఫైర్‌బేస్. కెప్టెన్ ఫ్రాంక్ కాసిల్, అదే మన పనిషర్, మూడోసారి వియత్నాం వచ్చాడు. మూడోసారి అంటే ఎవరూ పంపలేదు, తనే వచ్చాడు. యుద్ధం అయిపోవచ్చిందని అందరికీ తెలుసు, అందరూ ఇంటికెళ్ళే రోజులు లెక్కపెట్టుకుంటున్నారు, ఇతనొక్కడే యుద్ధం అయిపోతుందేమో అని భయపడుతున్నాడు. నాకు అక్కడే గుండె జారింది. కుటుంబం ఇంకా బతికే ఉంది, ఇంట్లో ఎదురుచూస్తోంది, అప్పటికే ఇతను పనిషర్ అయిపోయి ఉన్నాడు. అంటే ఇన్నాళ్ళూ నేను నమ్మిన కారణం కారణమే కాదా? మీరేమంటారు.

మోడరేటర్:
కథ మొత్తం బయటపడుతుంది ఈ చర్చలో, చదవని వాళ్ళు గమనించండి. లైంగిక హింస ఉన్న సన్నివేశం గురించి మాట్లాడేవాళ్ళు వివరాల్లోకి వెళ్ళకండి, దయచేసి.

పాతపేజీలు:
మంచి చర్చ మొదలెట్టావు తమ్ముడూ. నేను ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరుకునే బ్యాచ్, అందుకని కాస్త వెనక్కెళ్ళి చెప్తాను. పనిషర్ మొదటిసారి వచ్చింది 1974 ఫిబ్రవరి, స్పైడర్‌మ్యాన్ 129వ సంచికలో, అదీ విలన్ లాగా. రాసింది జెరీ కాన్వే. అప్పుడే అతను మాజీ మెరైన్, అంటే అమెరికా నావికా పదాతి దళం సైనికుడు అని చెప్పేశారు. కుటుంబం చనిపోయిన కథ ఆ మరుసటి ఏడాది వచ్చింది. చదివేవాళ్ళకి మాత్రం కుటుంబం కథే గుర్తుండిపోయింది, మెరైన్ అన్నది తుపాకీ పేల్చడం ఎలా వచ్చు అనే ప్రశ్నకి జవాబులా మిగిలిపోయింది. ఎన్నిస్ చేసిన పెద్ద పని ఏంటంటే ఆ ఒక్క మాటని పట్టుకుని తిరగేశాడు. యుద్ధం ఇతనికి విద్య నేర్పలేదు, ఆకలి నేర్పింది అన్నాడు.

దీనికి ముందు 'నామ్ అని మార్వెల్ వాళ్ళే వేసిన వియత్నాం కామిక్ ఒకటుంది, 1986లో మొదలైంది, రాసిన డగ్ ముర్రే స్వయంగా వియత్నాంలో పనిచేసొచ్చినవాడు. నెలకో సంచిక, కథలో కూడా నెలే గడుస్తుంది. అందులో తర్వాత్తర్వాత అమ్మకాలు తగ్గినప్పుడు ఫ్రాంక్ కాసిల్‌ని తెచ్చి పెట్టారు. అవి చదివితే బోర్న్ ఎంత వేరో తెలుస్తుంది. వాటిలో ఇతను గొప్ప షూటర్, అంతే.

కొత్తగా_చదువుతున్నా:
అన్నా ఒక డౌటు, చిన్న ప్రశ్న అనుకోవద్దు. ఫైర్‌బేస్ అంటే ఏంటి? మామూలు ఆర్మీ క్యాంపేనా?

పాతపేజీలు:
చిన్న ప్రశ్నేం కాదు. అడవిలో ఒక గుట్ట తల గొరిగినట్టు చదును చేసి అక్కడ ఫిరంగులు పెడతారు, చుట్టూ ముళ్ళకంచె, మైన్లు, ఇసుక బస్తాల బంకర్లు. చుట్టుపక్కల అడవిలో తిరిగే సైన్యానికి అక్కడ్నుంచి ఫిరంగి సాయం అందుతుంది. రోడ్డుండదు, తిండీ మందులూ గుండ్లూ అన్నీ హెలికాప్టర్‌లోనే రావాలి. కథలో వ్యాలీ ఫోర్జ్‌ని పైవాళ్ళు మర్చిపోయారు, కమాండింగ్ ఆఫీసర్ తాగి గదిలోంచి బయటికి రాడు. వ్యాలీ ఫోర్జ్ అన్న పేరుకి కూడా అర్థముంది. 1777-78 చలికాలంలో వాషింగ్టన్ సైన్యం తిండి లేక, చెప్పుల్లేక, జబ్బులతో గడిపిన చోటు అది, పెన్సిల్వేనియాలో. అమెరికా పిల్లలకి స్కూల్లో గర్వంగా చెప్పే పేరు. ఆ పేరు తెచ్చి ఈ కుళ్ళిపోతున్న గుట్టకి పెట్టాడు ఎన్నిస్.

సింగరేణి_బిడ్డ:
నేను ఈ బుక్ రెండు సార్లు చదివిన. మస్తు బాధైతది. కానీ పుర్రె చొక్కా అన్న చెప్పినదానితోని నేను ఒప్పుకోను. "అప్పటికే పనిషర్ అయిపోయిండు" అంటే తప్పంతా వానిదే అన్నట్టు ఉంటది. వాణ్ణి ఆ గుట్ట మీద పెట్టింది ఎవరు? 1969ల 5,43,000 మంది అమెరికా సిపాయిలు ఉండె అక్కడ, 1971 ఆఖరుకి లక్షన్నర చిల్లరకి వచ్చింది. ఓడిపోతున్నమని సర్కారుకి ఎరుకే, పిలగాండ్లని మాత్రం చివరి దినం దాకా చంపుతనే ఉన్నరు. ఏంజెల్ అనే నల్లజాతి పిలగాడు హెరాయిన్‌కి బానిస అయితడు చూడు, అది కథ కోసం కల్పించింది కాదు. 1971 జూన్‌ల అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందే మన నంబర్ వన్ శత్రువు అని ప్రకటించిండు, అదే నెలల ఇంటికి పోయే సిపాయిలకి మూత్రం టెస్టు పెట్టిండ్రు. అంతమంది మత్తుకి అలవాటు పడ్డరు. సొంత ఆఫీసర్ల గుడారంల గ్రెనేడ్ ఇసిరిన కేసులు వందల్ల ఉన్నయి, దానికి ఫ్రాగింగ్ అని పేరే పుట్టింది. అసొంటి సైన్యంల ఒక్క మనిషి డ్యూటీ చేస్తుంటే వాణ్ణి రాక్షసుడు అంటరా?

పుర్రె_చొక్కా:
డ్యూటీ అంటే జనరల్ సంగతి ఏంటి బ్రో? బేస్ మూసేద్దామని చూడ్డానికి ఒక జనరల్ వస్తాడు. కాసిల్ ఆయన్ని చాలా మర్యాదగా గుట్ట అంచుకి తీసుకెళ్తాడు, అక్కడ శత్రువు స్నైపర్ కాపు కాస్తున్నాడని తనకి తెలుసు. జనరల్ పోతాడు, బేస్ ఉంటుంది. కాసిల్ తుపాకీ ముట్టుకోలేదు. ఆ బేస్ మూసేసి ఉంటే ఆ పిల్లలందరూ బతికేవాళ్ళు, కుర్ర సైనికుడు గుడ్విన్‌తో సహా. తన యుద్ధం ఆగిపోకూడదని అంతమందిని అక్కడే ఉంచాడు. దీన్ని నేను డ్యూటీ అనలేను.

సింగరేణి_బిడ్డ:
ఆ పేజీ నేను ఒప్పుకుంట. దానికి నా దగ్గర జవాబు లేదు.

నల్లసిరా:
నేను బొమ్మలేసేదాన్ని కాబట్టి బొమ్మల గురించే మాట్లాడతాను. రాబర్ట్‌సన్ పెన్సిల్ మీద టామ్ పామర్ ఇంక్ వేశాడు, ఆయన 60ల చివర్నుంచి మార్వెల్‌లో పనిచేసిన పాత చెయ్యి, ఆ సిరా బరువు వల్లే అడవి అంత తడిగా, మట్టిగా కనిపిస్తుంది. ముఖాలు చూడండి, వీళ్ళకి పంతొమ్మిది ఇరవై ఏళ్ళు, కానీ కళ్ళ కింద చారలు నలభై ఏళ్ళవి. కాసిల్ కళ్ళు చాలా చోట్ల నీడలోనే ఉంటాయి. ఛాతీ మీద పుర్రె ఒక్కచోట కూడా లేదు కదా, కానీ కనుగుంటల్లో నల్లటి నీడ పడి ముఖమే పుర్రె అయిపోతుంది కొన్ని ప్యానెళ్ళలో. నేను అవి మళ్ళీ మళ్ళీ గీసి చూశాను, పై నుంచి పడే ఒక్క వెలుగుతో చేశాడు అదంతా.

నన్ను వెంటాడింది మాత్రం నది దగ్గర పేజీ. పట్టుబడిన వియత్నాం అమ్మాయి మీద ఒక సైనికుడు అఘాయిత్యం చేస్తాడు. కాసిల్ వచ్చి ఆ అమ్మాయిని కాల్చేస్తాడు, ఇక బాధ లేదన్నట్టు. వాణ్ణి అప్పుడేం చెయ్యడు. తర్వాత వాడు నీళ్ళ దగ్గర వంగి ముఖం కడుక్కుంటుంటే మెడ మీద బూటు పెట్టి అదిమి ఉంచుతాడు. అరుపు లేదు, ఉపన్యాసం లేదు, నీళ్ళు కొంచెం కదులుతాయి, ఆగుతాయి. గుడ్విన్ చూస్తాడు. మొదటి శిక్ష అదే. చదివేటప్పుడు వాడికి తగిన శాస్తి జరిగిందని నా మనసు అంది, అలా అనుకున్నందుకు వెంటనే కంగారేసింది, ఎందుకంటే ఒక్క పేజీ ముందు అదే చెయ్యి ఆ అమ్మాయిని చంపింది. ఆమెకి పేరు కూడా ఇవ్వలేదు కథ. ఇది నాకు ఎన్నిస్ మీద ఉన్న ఫిర్యాదు, ఎంత గొప్ప పుస్తకమైనా సరే. ఆమె బాధ కాసిల్‌ని చూపించడానికే పనికొచ్చింది.

పాతపేజీలు:
మీ ఫిర్యాదు న్యాయమైనదేనండి నల్లసిరా గారూ. ఎన్నిస్‌కి కూడా ఆ వెలితి తెలిసిందేమో అనిపిస్తుంది నాకు, ఎందుకంటే 2017లో ప్లటూన్ అని ఆరు సంచికలు రాశాడు, గోరాన్ పర్లోవ్ బొమ్మలు, కాసిల్ మొదటి టూర్, అంటే మొదటిసారి వియత్నాం వెళ్ళినప్పటి కథ. అందులో వియత్నాం వైపు వాళ్ళకి కూడా ముఖం, గొంతు ఉన్నాయి. ముసలివాళ్ళైన సైనికులు కూర్చుని గుర్తుచేసుకుంటుంటారు, ఆ మాటలు రాసుకునేవాడు ఎవరనుకున్నారు, మన స్టీవీ గుడ్విన్ తమ్ముడు మైకేల్. బోర్న్ నచ్చితే అది తప్పకుండా చదవాలి. అందులో కాసిల్ కుర్ర లెఫ్టినెంట్, తన మనుషుల్ని బతికించుకోవాలని తాపత్రయపడేవాడు. అది చదివి బోర్న్‌కి వస్తే మూడేళ్ళలో ఏం పోయిందో తెలుస్తుంది.

కొత్తగా_చదువుతున్నా:
గుడ్విన్ అంటే కథ చెప్పేవాడే కదా? నాకు అతనే ఎక్కువ నచ్చాడు. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు పాపం. కాసిల్ వెనకాల ఉంటే ఇంటికి చేరతాను అని నమ్ముతాడు. ఫ్రెండ్ ఏంజెల్‌ని హెరాయిన్ మానెయ్యమని బతిమాలుతూనే ఉంటాడు. నేను చివరిదాకా వీడైనా బయటపడతాడు అనుకున్నాను.

పుర్రె_చొక్కా:
నేనూ అంతే అనుకున్నా. కాసిల్‌ని అంత దగ్గరగా చూసి, ఆ నది దగ్గర జరిగింది చూసి కూడా గుడ్విన్ అతన్నే నమ్ముతాడు. మనం చేసేదీ అదే కదా, పనిషర్ చదివేవాళ్ళం. ఇతను మనవైపు ఉన్నాడులే అనుకుంటాం. ఎన్నిస్ గుడ్విన్‌ని మన కోసమే పెట్టాడు అనిపించింది. ఆఖరి దాడిలో కుండపోత వానలో వందల మంది కంచె దాటి వస్తారు, తెల్లారేసరికి బేస్‌లో ఊపిరితో మిగిలింది ఒక్క కాసిల్. అతని వెనకాల నిలబడిన వాళ్ళెవరూ ఇంటికి చేరలేదు.

డల్లాస్_మామయ్య:
ఆలస్యంగా వచ్చాను. ఒక తప్పు చెప్పనా, చరిత్ర పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేను. మెరైన్లు దక్షిణ వియత్నాంలో ఎక్కువగా ఉత్తరాన, డీఎంజెడ్ (ఉత్తర, దక్షిణ వియత్నాంల మధ్య సరిహద్దు పట్టీ) కింద జిల్లాల్లో పోరాడారు, కంబోడియా సరిహద్దు ఆర్మీ ఇలాకా. పైగా మెరైన్ పెద్ద దళాలన్నీ 1971 జూన్ కల్లా ఇంటికెళ్ళిపోయాయి. అక్టోబర్లో అక్కడ ఒక మెరైన్ బేస్ ఉండటం కుదరదు. ఎన్నిస్ యుద్ధ చరిత్ర బాగా చదివే మనిషి, తెలియక రాసుంటాడు అనుకోను. ఎవరికీ గుర్తులేని బేస్, ఉండకూడని చోట, ఉండకూడని నెలలో ఉంది, నాకు అది దెయ్యాల కథకి సరిపోయినట్టే అనిపిస్తుంది. దాడి మాత్రం నిజానికి దూరం కాదు. 1971 మార్చి 28 రాత్రి మేరీ ఆన్ అనే ఫైర్‌బేస్ మీద సాపర్లు, అంటే దొంగచాటుగా చొరబడే శత్రు సైనికులు పడ్డారు, కంచె కత్తిరించి లోపలికొచ్చారు, ముప్పై మంది దాకా అమెరికన్లు ఒక్క రాత్రిలో పోయారు. అమెరికన్లు ఆ బేస్‌ని కూడా వదిలేసే ఏర్పాట్లలోనే ఉన్నారు అప్పుడు.

ఇంకో మాట. ఇక్కడ టెక్సాస్‌లో పికప్ ట్రక్కుల వెనకాల పుర్రె స్టిక్కర్లు నేను తరచూ చూస్తాను. ఇరాక్ వెళ్ళిన సైనికులు వాడారు, తర్వాత పోలీసులు కూడా. దాన్ని పుట్టించిన కాన్వేకే నచ్చలేదు, చట్టం కాపాడేవాళ్ళు చట్టం తప్పినవాడి గుర్తు పెట్టుకోవడమేంటని చాలాసార్లు చెప్పాడు. 2019లో ఒక సంచికలో పనిషరే పోలీసు కారు మీద ఆ స్టిక్కర్ చించి పారేస్తాడు, మీకు ఆదర్శం కావాలంటే కెప్టెన్ అమెరికా ఉన్నాడు అంటాడు. నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లాడే, ఆ స్టిక్కర్ అతికించుకుని తిరుగుతుంటే బోర్న్ చేతికిచ్చాను. మూడు వారాల తర్వాత పుస్తకం తిరిగిచ్చాడు, ఏమీ మాట్లాడలేదు, స్టిక్కర్ ఇంకా ఉంది. నేనూ ఏమీ అడగలేదు.

నల్లసిరా:
ఆ గొంతు గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నాకు అదే అసలు ప్రశ్న. కథ మొదట్నుంచీ కాసిల్‌తో ఒక గొంతు మాట్లాడుతుంటుంది, నల్ల పెట్టెల్లో అక్షరాలు. నీకు అంతం లేని యుద్ధం ఇస్తాను, వెల ఒకటుంది అంటుంది. చివరి రాత్రి, అంతా అయిపోతున్నప్పుడు కాసిల్ ఒప్పుకుంటాడు. తర్వాత ఎయిర్‌పోర్టులో భార్యాపిల్లలు ఎదురొస్తారు, అప్పుడు ఆ వెల సంగతి మళ్ళీ ఎత్తుతుంది. అది దెయ్యమా, మృత్యువా, ఇతని బుర్రేనా?

సింగరేణి_బిడ్డ:
దెయ్యమైతే కథ పాడైతది అక్కా. వాని మనసే అది. లోపల ఉన్నదాన్ని వేరే ఎవరో అన్నట్టు వినుకుంటున్నడు, ఎందుకంటే నాకు ఇదే ఇష్టం అని సొంత నోటితో అనుకునే ధైర్యం లేదు.

పాతపేజీలు:
నేనూ అటే మొగ్గుతాను కానీ ఎన్నిస్ తలుపు పూర్తిగా మూయలేదు. ఇది మ్యాక్స్ ముద్ర కింద వచ్చింది, పెద్దవాళ్ళ కోసం, ఆ వరసలో సూపర్ హీరోలూ మంత్రాలూ ఉండవు, ఫ్రాంక్‌కి నిజం మనిషిలా వయసు కూడా పెరుగుతుంది, 2004 నుంచి 2008 దాకా రాసిన 60 సంచికల్లో ఇతను యాభై దాటిన మనిషి. మామూలు మార్వెల్ కథల్లో ఆ ఇబ్బంది తప్పించుకోడానికి వియత్నాం తీసేసి సియాంకాంగ్ అని ఊహా యుద్ధం ఒకటి పెట్టారు తర్వాత, సీరియల్‌లో అఫ్గానిస్తాన్ చేశారు. అలా మారిస్తే నాకు మనసొప్పదు. 1971 అలసట, ఓడిపోతున్న దేశం, ఎవడూ పట్టించుకోని గుట్ట, ఇవి తీసేస్తే ఆ గొంతుకి చోటేది?

పుర్రె_చొక్కా:
నా మాట ఇదీ. గొంతు ఎవరిదైనా, సరే అన్నది మాత్రం కాసిల్. ఇంతకుముందు కుటుంబం పోయింది కాబట్టి పనిషర్ అయ్యాడు అనుకునేవాణ్ణి, ఇప్పుడు పనిషర్ అయ్యాడు కాబట్టి కుటుంబం పోయింది అనిపిస్తోంది. ఇది రాస్తుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. అది తెలిశాక ఆ టీషర్టు వేసుకోవాలంటే చెయ్యి రావట్లేదు, బీరువాలో అడుగున పెట్టాను.

గోదారి_గట్టు:
నమస్కారమండి అందరికీ. నేను ఎప్పుడూ చదవడమే కానీ రాసింది లేదు. మాది తాడేపల్లిగూడెం దగ్గర. మా పక్కనే మాధవరం ఉందండి, మిలిటరీ మాధవరం అంటారు, ఇంటికొకరు సైన్యంలో ఉండే ఊరు, మా అమ్మ పుట్టిల్లు అదే. మా మావయ్య 87లో శ్రీలంక వెళ్ళిన శాంతిసేనలో ఉన్నాడండి. అక్కడ మనవాళ్ళు వెయ్యి మందికి పైగా పోయారు, 90 మార్చికి అందర్నీ వెనక్కి పిలిచేశారు, ఆ యుద్ధం గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు, గెలిచిందో ఓడిందో కూడా చెప్పలేని యుద్ధం కదండీ. పుర్రె చొక్కా గారు అన్నారు చూశారా, ఎవరూ పంపకపోయినా వెళ్ళాడు అని, అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా మావయ్య మధ్యలో ఒకసారి రెండు నెలల సెలవు మీద వచ్చి పదహారో రోజుకే ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడండి. ఎవరూ పిలవలేదు, టెలిగ్రాం రాలేదు. అత్తయ్య ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది. ఆయన చెడ్డవాడు కాదు, ఎవర్నీ ఒక్క మాట అనడు, కానీ ఇంట్లో ఉండలేకపోయాడు, అక్కడ కుర్రాళ్ళు ఎదురుచూస్తుంటారు అన్నాడంట, అంతే.

సింగరేణి_బిడ్డ:
అన్నా ఇది మస్తు పెద్ద మాట చెప్పినవు. నేను ఇందాకటి నుంచి చెప్పాలని చూస్తున్నది ఇదే. అందరు కాసిల్‌లు కారు.

పుర్రె_చొక్కా:
గోదారి గట్టు గారూ, మీరు రాసినందుకు చాలా థాంక్స్ అండి. నేను "ఇష్టంతో వచ్చాడు" అన్నట్టు తేలిగ్గా రాసేశాను మొదట్లో. తిరిగెళ్ళడంలో ఇన్ని రకాలుంటాయని నాకు తట్టలేదు. ప్లటూన్ కూడా తెప్పించుకుంటాను, అది చదివాక మళ్ళీ మాట్లాడతా. మావయ్య గారికి ఈ పుస్తకం గురించి ఎప్పుడైనా చెప్పారా?

గోదారి_గట్టు:
చెప్పలేదండి అప్పటికి. మీరు అడిగాక ఈ ఆదివారం ఆయన ఇంటికొస్తే పుస్తకం బల్ల మీద పెట్టాను. ఇంగ్లీషు చదవలేడు, బొమ్మలు చూసుకుంటూ వెళ్ళాడు. నది పేజీ దగ్గర ఆగుతాడేమో అని నేను చూస్తున్నాను, ఆగలేదండి, తిప్పేశాడు. వానలో యుద్ధం కూడా గబగబా తిప్పేశాడు. ఆఖర్న ఎయిర్‌పోర్టు దగ్గర ఆగాడు. పెళ్ళామా అన్నాడు, అవునన్నాను. చాలాసేపు చూసి, పాప బొమ్మ మీద వేలు పెట్టి, ఇది వీణ్ణి గుర్తుపట్టిందా అని అడిగాడు. పుస్తకంలో ఏముందో చెప్పబోయాను, ఆయన వినలేదండి. మా పెద్దది తలుపు వెనక్కెళ్ళి నిలబడింది, మూడు రోజులు దగ్గరికి రాలేదు అన్నాడు. మా వదిన సంగతి అది, ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరమూ వినలేదు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, అక్షరాలు చిన్నగా ఉన్నాయి, ఇంకోసారి వచ్చినప్పుడు ఎవరేమన్నారో తెలుగులో చదివి చెప్పు అన్నాడండి.